చాయ్ వాసన కడియం

మా నాయనమ్మను మేం అవ్వ అంటాం. మొయినాబాద్ ఇంట్లో ఒకరోజు ఆమె తీర్పు చెప్పేసింది: తన వెండి కడియం ఏ మనవరాలి చేతికి పడితే వాళ్లదే. చెల్లెది పుల్లలాంటి చెయ్యి. నాది బొద్దు చెయ్యి. ఆ కడియం కోసం చిన్నప్పటి నుంచీ నా ప్రాణం కొట్టుకుంటోంది. న్యాయంగా గెలిచే దారి మాత్రం లేదు.

అయితే నేను హైటెక్ సిటీలో ఊరికే ఉద్యోగం చేస్తున్నానా? మా ఆఫీసులో తయారయ్యేవే కళ్లకు పెట్టుకునే అద్దాలు. పెట్టుకుంటే మన గది మన గదిలాగే ఉంటుంది, అందులో లేని వస్తువులు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. అక్కడ నేర్చుకున్న కిటుకు ఒకటుంది. లేని వస్తువు ఎంతుందో కంటికి ఒక పట్టాన తేలదు. చేతికి ఏదైనా తగిలిందా, అదే దాని సైజని మనసు ఒప్పేసుకుంటుంది.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే అవ్వకు ఆ అద్దాలు తగిలించాను. నా మణికట్టు మీద కడియం బొమ్మను కాస్త పెద్దది చేసి పెట్టాను. అవ్వ వేలు పెడితే గాలి తగిలింది.

"గిదేం కడియమే, దయ్యం కడియమా?"

దానికీ నేను సిద్ధమే. జాలీ ఊడిపోయిన చాయ్ జల్లెడ రింగును, బొమ్మ ఉన్నచోటే చేతికి తొడుక్కున్నాను. అవ్వ మళ్లీ తడిమింది. ఈసారి చల్లగా స్టీలు తగిలింది.

"ఓయమ్మో! నా కడియం గింత వదులా? నీకు మస్తుగ పడ్తది బిడ్డా."

"అవ్వా, అక్క చీటింగ్ చేస్తున్నది!" అని చెల్లె లబలబలాడింది. నేను కన్ను కొట్టాను. అవ్వ నా చేతిని ముక్కు దగ్గరికి తీసుకుంది.

"కడియానికి చాయ్ వాసనొస్తున్నదేందే, దొంగమొకమా?"

అద్దాలు తీసి పక్కన పడేసింది. నా చేతికి సబ్బు రాసి, బొటనవేలు లోపలికి మడిచి, అసలు కడియం ఎక్కించబోయింది. అది కణుపుల దగ్గర ఆగిపోయింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పిసికింది. కదిలితే ఒట్టు. పిసుకుతూ పిసుకుతూ అవ్వ ఆగింది.

"నీ చెయ్యి గింత పెద్దగ ఎప్పుడైందే?"

ఉద్యోగం వచ్చి మళ్లీ ఇంట్లోనే ఉంటున్నాను గనక రోజూ నన్ను చూస్తూనే ఉంది. కానీ చిన్నప్పుడు నేను చదువుకని హాస్టల్‌కు పోయినప్పటి నుంచి మేమిద్దరం చేతులు పట్టుకున్నదే లేదు. నాకు కన్నీళ్లు ఆగలేదు. చెల్లె అప్పటికే నా కణుపుల మీంచి కడియం లాక్కుని, తను వేసుకుని గంతులేస్తోంది.

"కడియం కోసం గింతగనం ఏడుస్తరానే?" అంది అవ్వ, సబ్బు నురగతోనే నా చెయ్యి పట్టుకుని.

"అవునవ్వా, కడియం కోసమే," అన్నాను.