మూఢం తగలని మిషను

మొన్న తెనాలిలో ఒక పార్సిల్ ఆఫీసు ముందు ఆటో కోసం నిలబడి ఉంటే లోపలి నుంచి 'కర్ర్... కర్ర్...' మని పాతకాలం ప్రింటరు చప్పుడు వినిపించింది. అంచుల్లో చిల్లులున్న కాగితం మడతలు విప్పుకుంటూ బయటికి వచ్చే ఆ ప్రింటర్లు ఇంకా బతికే ఉన్నాయన్నమాట! ఆటో వచ్చి ఆగింది. నేను కదల్లేదు. "అమ్మా, వస్తారా రారా?" అని విసుక్కుని ఆటో అబ్బాయి వెళ్ళిపోయాడు. పోతే పోయాడు, ఇంకోటి వస్తుంది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. దాని వెనకే రాజ్యలక్ష్మి గారి గొంతు వినిపిస్తుంది: "గట్టిగా చదువమ్మా పద్మా, నాక్కూడా వినపడాలి."

తొంభైల్లో తెనాలి స్టేషనుకు దగ్గర్లో, ఒక బట్టల కొట్టు మేడ మీద ఆవిడ కంప్యూటర్ సర్వీసు ఆఫీసు ఉండేది. ఆవిడది రేపల్లె. కొన్నాళ్ళు లెక్కల టీచరుగా చేసి, అది మానేసి, యూనిక్స్ అనే కంప్యూటర్ పద్ధతి నేర్చుకుని వచ్చి, చుట్టుపక్కల మిల్లులకీ కాలేజీలకీ మిషన్లు పెట్టించి వాటి బాగోగులు చూసేవారు. మేమంతా రాజ్యం మేడం అనేవాళ్ళం. నేను రోజూ కొలకలూరు నుంచి బస్సులో వచ్చి ఆవిడ దగ్గర పనిచేసేదాన్ని. నాకు నోరు ఎక్కువ, తొందర అంతకన్నా ఎక్కువ. చేరిన కొత్తల్లో ఆవిడతో రేపల్లెలో ఒక రైస్ మిల్లుకి వెళ్ళాను. మిషను ముందు కూర్చున్న నిమిషానికే "పనిచేయట్లేదండి మేడం" అని తేల్చేశాను. "పనిచేయట్లేదని అదన్నదా, నువ్వన్నావా?" అన్నారు. "నేనే అన్నానండి." "మరి అదేమంటోంది? పైకి చదువు." చదివాను. ప్రింటరులో కాగితం అయిపోయిందని తెర మీద శుభ్రంగా రాసి ఉంది! మిల్లు వాళ్ళంతా గొల్లున నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. "మనసులో చదివితే మనం అనుకున్నదే చదువుకుంటాం. పైకి చదివితే అక్కడున్నది చదువుతాం" అన్నారు. ఇక ఆ రోజు నుంచీ మిషను అన్న ప్రతి మాటా పైకి చదివేదాకా నన్ను కీబోర్డు ముట్టుకోనిచ్చేవారు కాదు. మహా విసుగ్గా ఉండేది.

ఆ విసుగు బాపట్లలో వదిలిపోయింది. అక్కడ మేం కొత్తగా మిషను పెట్టించిన కాలేజీ ఒకటి ఉండేది. ఆ ఏడు ఏప్రిల్లో యూనివర్సిటీ వాళ్ళు హాల్ టికెట్ల నమూనా మార్చారు, పాత నమూనాతో వస్తే పరీక్ష హాల్లోకి రానిచ్చేది లేదన్నారు. కొత్త నమూనా ఉన్న ఫ్లాపీలు పట్టుకుని నేను వెళ్ళాను. శనివారం. సోమవారమే డిగ్రీ పరీక్షలు. ఫ్లాపీలు ఎక్కించి ప్రింటు కొడితే పాత నమూనానే వచ్చింది. మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ పాతదే! వరండా నిండా పిల్లలు. వాళ్ళలో సూర్యలంక నుంచి వచ్చిన నాగమణి అనే అమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. వాళ్ళ పల్లెలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. ఆ రోజు చేపల వేట మానుకుని వాళ్ళ నాన్న కూడా వెంట వచ్చాడు. "అక్కా, ఇవాళ ఇస్తారా? ఈసారి రాయకపోతే మావాళ్ళు ఇంక చదవనివ్వరక్కా" అంది. తెనాలికి ఫోన్ చేశాను. "ఏమీ ముట్టుకోకు, వస్తున్నా" అన్నారు మేడం. ప్యాసింజరు పట్టుకుని వచ్చేశారు.

వస్తూనే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "మళ్ళీ ఎక్కించు. చదువు." ఒక్కొక్క ఫైలు పేరూ చెప్పి, పెట్టాను, పెట్టాను అంటూ మిషను గబగబా వరసలు వదులుతోంది. నేనూ పాఠం అప్పజెప్పినట్టు చదువుకుంటూ పోతున్నాను. మధ్యలో ఒక వరస: ఈ ఫైలు పెట్టలేదు, ఇంతకన్నా కొత్తది ఇక్కడ ముందే ఉంది. "ఆగు! మళ్ళీ చదువమ్మా." మళ్ళీ చదివాను. అది హాల్ టికెట్ నమూనా, కాలేజీ పేరూ ఉండే సెట్టింగుల ఫైలు. "మనం తెచ్చింది ఈ వారం చేసిందే కదా! దానికన్నా కొత్తది ఎక్కడ్నుంచి ఊడిపడింది? తేదీ చూడు." చూశాను. రాబోయే మే నెల! మేమున్నది ఏప్రిల్లో. మిషను గడియారం చూస్తే అది సరిగ్గానే ఉంది. "ఎవరో కెలికారండీ!" అని అరిచి హెడ్ క్లర్కు సుబ్బారావు గారి వైపు గుడ్లురిమి చూశాను. ఆయన మొహం ముడుచుకున్నారు.

మేడం నన్ను కళ్ళతోనే ఆపి, ఆయన వైపు తిరిగి నవ్వుతూ, "సుబ్బారావు గారూ, మిషను ప్రారంభోత్సవం ఘనంగా చేశారటగా? నేను రాలేకపోయాను. ఎలా జరిగిందేంటి?" అన్నారు. ఆయన మొహం విప్పారింది. "బ్రహ్మాండంగా చేశామండి! అప్పుడు మూఢం కదండీ, కొత్త పని మొదలెట్టకూడదాయె. కరస్పాండెంటు గారు ససేమిరా అన్నారు. అవతల పని ఆగదు. అప్పుడు నాకో ఉపాయం తట్టిందండి. మిషన్లో తేదీని మూఢం వెళ్ళాక మే నెలలో వచ్చే మంచి ముహూర్తానికి జరిపేశాం! కొబ్బరికాయ కొట్టి, కాలేజీ పేరూ అవీ ఎక్కించి, మొదటి కాగితం తీశాం. సాయంత్రం మళ్ళీ అసలు తేదీ పెట్టేశామండి. మిషనుకి మూఢం తగలనివ్వలేదు!"

నేను కడుపు పట్టుకుని నవ్వాను. మేడం కూడా కళ్ళొత్తుకుంటూ నవ్వారు. విషయం అంతా అక్కడే ఉంది! ఆ రోజు రాసిన ఫైలు మీద మే తేదీ పడిపోయింది. మా ఏప్రిల్ ఫైలు దాని ముందు పాతదైపోయింది. కొత్తదాని మీద పాతది పెట్టనని మిషను భీష్మించుకుంది. "అది ఒళ్ళు దగ్గర పెట్టుకునే పనిచేసిందమ్మా. పాత ఫైలు పారెయ్యకు, పేరు మార్చి పక్కన పెట్టు. ఆ ఒక్కటే మార్చు, ఇంకేదీ కదపకు" అన్నారు. మార్చాను. మళ్ళీ ఎక్కించాను. పెట్టాను అన్న ఆ వరసని వరండా అంతా వినిపించేలా చదివాను! కాలేజీ పేరు మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. సుబ్బారావు గారు కూర్చుని, "వర్జ్యం ఉందేమో..." అని గోడ మీది క్యాలెండరు వైపు చూడబోయి, నాలిక్కరుచుకుని, "కొట్టేస్తున్నానండి" అన్నారు. కర్ర్... కర్ర్... కొత్త నమూనా! నేను ఎగిరి గంతేశాను. పిల్లల కేకలకి ప్రిన్సిపాల్ గారు కంగారుగా బయటికి వచ్చారు.

నాగమణికి టికెట్ నేనే ఇచ్చాను. "ఏమని రాశారే?" అన్నాడు వాళ్ళ నాన్న. ఆయనకి చదువు రాదు. ఆ పిల్ల వరండాలో నిలబడి పైనుంచి కింది దాకా గట్టిగా చదివింది. కాలేజీ పేరు, తన పేరు, తండ్రి పేరు. "నా పేరు కూడా వేశారా!" అన్నాడాయన. కాస్త ఆగి, "మళ్ళీ చదువమ్మా" అన్నాడు. సంచి సర్దుకుంటున్న మేడం చేతులు ఆపి అంతా విన్నారు. సోమవారం ఆ అమ్మాయి పరీక్ష రాసిందని సుబ్బారావు గారు ఫోన్ చేసి మరీ చెప్పారు.

మేడం పోయి చాలా ఏళ్ళయింది. నేనింకా ఇదే పనిలో ఉన్నాను. ఇప్పుడు ఫ్లాపీలు లేవు, కొత్త ప్రోగ్రాములు వాటంతటవే వచ్చి ఎక్కుతాయి, వాటంతటవే మొరాయిస్తాయి కూడా. తప్పెవరిదని ఎవర్నీ అడగను. మొదటి రోజు ఎలా జరిగిందో చెప్పమంటాను. తెర మీద ఎర్రక్షరాలు కనిపిస్తే కుర్చీ ముందుకు లాక్కుని పైకి చదవడం మొదలెడతాను. "పారాయణం మొదలైంది" అని ఆఫీసులో వాళ్ళు ఆటపట్టిస్తారు. పట్టనివ్వండి. నేను చదువుతూనే ఉంటాను, పక్కనున్న ఖాళీ కుర్చీలోంచి ఎవరో "మళ్ళీ చదువమ్మా" అంటూనే ఉంటారు.