డ్రమ్ములో వేసిన తోడు

పొద్దున్నే ఫోన్ తీస్తే నాకు వినిపించే మొదటి మాట "మొలిచాయా మేడమ్?" అని. రైతులు నారుమడి గురించి అడిగినట్టే అడుగుతారు. నేను బందరులో ఒక ఆక్వా ల్యాబ్‌లో పని చేస్తాను. రొయ్యల చెరువుల నీళ్లు తెచ్చిస్తే, వాటిలో ఏ సూక్ష్మజీవులు ఎంతెంత ఉన్నాయో పెంచి చూసి చెప్పడం నా ఉద్యోగం. పెంచడమంటే పెద్ద విద్యేమీ కాదు. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ కలిపిన మేతను వేడి చేసి ప్లేట్లలో పోస్తే చల్లారాక జున్నులా గడ్డకడుతుంది. దాని మీద చుక్క నీళ్లు పరిచి, వెచ్చగా ఇంక్యుబేటర్‌లో పెడితే, కంటికి ఆనని ఒక్కో ప్రాణి తెల్లారేసరికి చుక్కంత గుంపు అవుతుంది. దాన్నే కాలనీ అంటాం.

రొయ్యల్ని పీడించే విబ్రియో అనే జాతి కోసం వేరే పచ్చటి ప్లేటు ఉంటుంది. దాని మీద మిగతావి దాదాపు బతకలేవు, విబ్రియోలు మాత్రం పసుపుగానో ఆకుపచ్చగానో మొలుస్తాయి. కాబట్టి పచ్చ ప్లేటు ఖాళీగా ఉంటే సంతోషించాలి. మా రైతులకు అదే నచ్చదు. "ఏమీ మొలవలేదండీ, నీళ్లు బాగున్నాయి" అంటే, "మీ ప్లేటులో మందు పాతదేమో చూసుకోండి మేడమ్" అంటారు. తరతరాలుగా వరి పండించినవాళ్లకు మొలవకపోవడం శుభం అని నచ్చజెప్పడం నా వల్ల కావడం లేదు.

ఇక మా ఓనర్ గారు. కింద ఆయనదే చెరువు మందుల షాపు, పైన ల్యాబ్. రిపోర్టు పట్టుకుని మెట్లు దిగిన రైతు ఏదో ఒక డబ్బా చంకన పెట్టుకుని వెళ్లాలని ఆయన కోరిక. కరెంటు పోతే ఇంక్యుబేటర్ చల్లబడుతుంది, మళ్లీ మొదటి నుంచీ చేయాలి. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చి ఇవన్నీ భరిస్తున్నాను. చదువుకునేటప్పుడు సూక్ష్మజీవులతో వేగడమే కష్టమనుకున్నాను. అవి చాలా నయం. ఉప్పు, తిండి, వెచ్చదనం ఇస్తే ఎక్కడైనా ఒకేలా పెరుగుతాయి.

మా మేనత్త చెరువు సంగతి చెబుతాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అత్తయ్య, మావయ్య ఉండేది కోడూరు దగ్గర. కౌలుకు తీసుకున్న చెరువుల్లో రొయ్యలు పెంచేవాళ్లు. రెండు పంటలు వరసగా దెబ్బతిని, చివరికి ఒక్క చెరువు మిగిలింది. ఈ పంట గట్టెక్కకపోతే అది కూడా ఆసామికి అప్పగించి, మావయ్య వేరేవాళ్ల చెరువుల మీద కూలికి వెళ్లాల్సిందే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు మాత్రం అత్తయ్య "మా చెరువు కోసం ప్రార్థించండి" అనేది.

ఆ చెరువు గట్టు మీద ఒక నీలం డ్రమ్ము ఉండేది. బెల్లం, తవుడు, ఈస్టు నీళ్లలో కలిపి, షాపులో దొరికే ప్రోబయోటిక్ పొడి అందులో వేసి, గాలి కొడుతూ పులియబెడతారు. మంచి బాక్టీరియా పెరుగుతుంది. అది చెరువులో చల్లితే చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, సరిగ్గా చేస్తే నేనూ చేయమనే చెబుతాను. వాళ్లింట్లో ఆ డ్రమ్ము పని అత్తయ్యకే ఇచ్చారు. ఎందుకంటే ఆమె చెయ్యి మంచిది. ఊళ్లో కొత్తగా గేదెను తెచ్చుకున్నవాళ్లు మొదటిసారి పాలు తోడు పెట్టడానికి అత్తయ్యను పిలిచేవాళ్లు. మతం చూసేవాళ్లు కాదు. చర్చి సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు జరిగితే పెరుగు బానలన్నీ ఆమెవే. గరిటెకు అంటకుండా గడ్డగా తోడుకునేది. అలాంటి చెయ్యి డ్రమ్ములో పడితే చెరువుకు తిరుగేముందని మావయ్య నమ్మకం.

ఆ పంట మధ్యలోనే గొడవ మొదలైంది. మేత ట్రేలో రోజూ నాలుగైదు రొయ్యలు చచ్చి కనిపిస్తున్నాయి, పేగు తెల్లగా ఉంటోంది. మావయ్య నీళ్లు సీసాలో పట్టి, బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపాడు. పచ్చ ప్లేటు నిండా పసుపు కాలనీలే. ఓనర్ గారు నా భుజం మీదుగా చూసి "క్రిములు చచ్చే సానిటైజర్ రాయమ్మా" అన్నారు. మావయ్యవాళ్లు అది తీసుకెళ్లి చెరువులో చల్లారు. తగ్గింది. నాలుగు రోజులాగి పంపిన నీళ్లలో మళ్లీ అంతే పసుపు. మళ్లీ చల్లారు, మళ్లీ తగ్గింది, మళ్లీ పెరిగింది. తల ప్రాణం తోకకొచ్చింది. సముద్రపు నీటి కాలవ మూయించాను, మేత తగ్గించమన్నాను, అడుగు మట్టి తెప్పించి చూశాను. చివరికి తట్టింది. పెరిగిన ప్రతిసారీ దానికి ముందు రోజు డ్రమ్ము నీళ్లు చల్లుతున్నారు.

"మావయ్యా, డ్రమ్ములోది ఒక సీసా పంపండి" అని ఫోన్ చేశాను.

"అదెందుకమ్మా? అందులో ఉండేది మంచి బాక్టీరియానే కదా."

"మంచిదో కాదో చూడాలిగా."

"మీ అత్తయ్య చేత్తో కలిపింది. దానికి కూడా టెస్టు పెడతావా?" అని నవ్వి పెట్టేశాడు.

సీసా రాలేదు. ఇంకో రెండుసార్లు అడిగాను. చెరువు నీళ్లే వచ్చాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, అదే మాట ఏ కంపెనీ టెక్నీషియనో మోటారు సైకిల్ మీద వచ్చి చెబితే డ్రమ్ము మొత్తం ఆటోలో పంపేవాళ్లు. ఇక లాభం లేదని ఒక ఆదివారం నేనే బయలుదేరాను. అవనిగడ్డలో బస్సు మారి కోడూరు చేరేసరికి వాళ్లు ఆరాధన ముగించుకుని వచ్చారు. అత్తయ్య చర్చి చీర కొంగు దోపుకుని నేరుగా గట్టు మీదికి నడిచింది. ఆ రోజు డ్రమ్ము మార్చే రోజట.

నేను పక్కన నిలబడి చూశాను. డ్రమ్ములోదంతా బకెట్లతో చెరువులో చల్లింది. అడుగున ఒక చెంబెడు మాత్రం తీసి జాగ్రత్తగా పక్కన పెట్టింది. డ్రమ్ము కడగలేదు. కొత్త బెల్లం, తవుడు వేసింది. చెరువులోంచే నీళ్లు తోడి పోసింది. ఆ చెంబెడు మళ్లీ అందులో వంచింది. పొడి పాకెట్ ఎక్కడా లేదు.

"పొడి వేయలేదేంటి అత్తయ్యా?"

"మొదటిసారి వేశాంగా. తోడు ఉండగా మళ్లీ పొడెందుకు? పాకెట్లో ఉండేది నిద్రపోయే సరుకమ్మా. ఇది లేచి తిరుగుతోంది. ఏది ముందు పని చేస్తది?"

ఆ మాటలో సగం నిజం ఉంది, అదే నా ఖర్మ. పొడిలోవి నిజంగా నిద్రపోతూనే ఉంటాయి.

"పులుపెక్కితే?"

"ఎక్కనివ్వను. వాసన తగలగానే గుప్పెడు సున్నం వేస్తాను. పులిసింది పెరుగైనా పనికిరాదు, ఇదైనా పనికిరాదు."

చెరువు నీళ్లలో ఉప్పూ ఉంది, విబ్రియో కూడా ఉంది. బెల్లం వాటికి ఇష్టం. పులుపు ఒక్కటే వాటిని ఆపేది. సున్నంతో ఆ ఒక్కటీ తీసేస్తోంది. నేను ల్యాబ్‌లో కూర్చుని విబ్రియోను పెంచాలని పూనుకున్నా ఇంత శ్రద్ధగా పెంచలేను. ప్రతి చెంబుతోనూ మంచివి కాస్త తగ్గి, ఇవి కాస్త పెరిగి, కొన్నాళ్లకు డ్రమ్మంతా వీటిదే అయి ఉంటుంది.

చెప్పాను. గట్టు మీదే, ఎండలోనే, ఓపిగ్గా చెప్పాను. ల్యాబ్‌లో మేమూ తోడు పెట్టుకుంటాం అత్తయ్యా, కానీ తీగను ఎర్రగా కాల్చి, ఒక్క కాలనీని ముట్టుకుని, కొత్త ప్లేటు మీద గీసి, మొలిచింది అదేనా కాదా అని అనుమానంతో చూస్తాం. పాలైతే కాచి చల్లారుస్తావు కదా, ఇక్కడ కాచింది ఏదీ లేదు కదా అన్నాను. ఆమె అంతా విని, "నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోడు విరగలేదమ్మా" అంది. గోడకు చెప్పుకున్నట్టయింది. మావయ్య భోజనానికి పిలిచాడు. నేను మాత్రం బకెట్ అడుగున మిగిలిన పాత డ్రమ్ము నీళ్లతో సీసా నింపుకున్నాకే కాళ్లు కడుక్కున్నాను.

మర్నాటికి డ్రమ్ము నీళ్లు పరిచిన పచ్చ ప్లేటు పచ్చగా లేదు. అంచు నుంచి అంచు దాకా పసుపు. లెక్కపెట్టడానికి కూడా వీల్లేదు. నీళ్లను పదింతలు, వందింతలు, ఇంకా పలచన చేసి మళ్లీ పరిచాను, ఎందుకంటే ఈ ఇంటివాళ్లు ఒక్కసారికి నమ్మరు. పలచన చేసినా విబ్రియోలే. పొడిలో ఉండాల్సిన మంచి బాక్టీరియా వేరే ప్లేటులో వెతికితే మూలకు రెండు ముడతల కాలనీలు కనిపించాయి. ఓనర్ గారికి చూపించాను. "డ్రమ్ము ఆపించాలండీ" అన్నాను.

"బదులుగా ఏం వాడమంటావు?"

"ఏమీ వద్దండీ. ఆపితే చాలు."

"ఏమీ వాడొద్దని చెప్పడానికి ల్యాబ్ ఎందుకమ్మా?" అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

చెరువు నీళ్ల ప్లేటు, డ్రమ్ము నీళ్ల ప్లేటు టేపు చుట్టి డబ్బాలో పెట్టుకుని మళ్లీ కోడూరు వెళ్లాను. అప్పటికి ట్రేలో చచ్చినవి దోసిళ్లతో తీస్తున్నారు. వరండాలో రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టాను. మూత తీయొద్దు, పైనుంచే చూడండి అన్నాను. మావయ్య అటూ ఇటూ తిప్పుతున్నాడు. అత్తయ్యకు మాత్రం ఒక్క చూపు చాలింది. నేను ఇన్నాళ్లు మొత్తుకున్నది ఆమె ముఖంలో ఒక్కసారిగా కనిపించింది. చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు గెలిచినట్టే అనిపించింది.

"రెండూ ఒకటేనా?" అంది.

"ఒకటే అత్తయ్యా."

మావయ్య ప్లేటు కింద పెట్టాడు. "అంటే ఇదంతా మీ అత్తయ్య చేతి నుంచే వచ్చిందన్నమాట."

"చేతి నుంచి కాదు మావయ్యా. చెంబు నుంచి, చెరువు నీళ్ల నుంచి. మీరు వేసినా ఇంతే, నేను వేసినా ఇంతే."

"అదేగా నేననేది. చెయ్యి మారితే చెరువు గట్టెక్కేది."

నాకు కోపం ఆగలేదు. పెద్దవాడని కూడా చూడకుండా అరిచాను. ఆయన ఏ రోజూ ఆ డ్రమ్ము ముట్టుకోలేదు, ఒక్కసారి కూడా సీసా పంపలేదు. ఇప్పుడు మాత్రం తీర్పు చెప్పేస్తున్నాడు. అత్తయ్య "వదిలెయ్ తల్లీ" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

డ్రమ్ము ఆపారు, కానీ ఆలస్యమైపోయింది. ఎదగని రొయ్యను అలాగే పట్టేసి, చెరువు ఎండగట్టి, ఆసామికి అప్పగించేశారు. మావయ్య పక్క ఊళ్లో వేరేవాళ్ల చెరువు మీద మేత చల్లే పనికి వెళ్తున్నాడు. అక్కడ టీ తాగుతూ చెప్పాడో, ఆరాధన తర్వాత చెప్పాడో తెలియదు. దివిసీమలో వార్తకు బస్సు అక్కర్లేదు. బందరు ల్యాబ్‌లో టెస్టు చేసి తేల్చారట, ఆవిడ చేతిలో పురుగుందట. అలా తిరిగింది నా రిపోర్టు. తరవాత జరిగిన ప్రేమవిందులో పెరుగు ఎవరో కుర్రకోడలు తోడు పెట్టింది. గేదె ఈనినవాళ్లెవరూ అత్తయ్య గడప తొక్కలేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. నేను ఊరుకోలేదు. చర్చిలో స్త్రీల కూడికలో లేచి మరీ చెప్పాను. చెయ్యి కాదండీ, ఎవరి చేతికైనా ఇదే జరుగుతుంది, తోడు పద్ధతి డ్రమ్ముకు పనికిరాదు అని ఉదాహరణలతో చెప్పాను. అందరూ తలలూపారు. బయటికొచ్చాక ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "మేనత్త కదా, నీకు వెనకేసుకు రావాలనే ఉంటుందమ్మా" అంది. ల్యాబ్ చెబితే ఒక్కరూ నమ్మరని ఇన్నాళ్లు ఏడ్చాను. నమ్మడం మొదలుపెడితే ఇలా నమ్ముతారని నాకు తెలియదు.

మొన్న వెళ్లినప్పుడు అత్తయ్య వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాలో కోపం ఇంకా తగ్గలేదు. మావయ్యను తిట్టాను, ఊరిని తిట్టాను, మా ఓనర్‌ను కూడా కలిపి తిట్టాను. అందరికీ మళ్లీ నచ్చజెబుతానని, కావాలంటే ఆమె చేతే కొత్త డ్రమ్ము వేయించి, ఖాళీ ప్లేటు తెచ్చి ఊరంతా తిప్పుతానని అన్నాను. ఆమె గింజలు తీస్తూనే విన్నది. నా మీద కోపమేమీ లేదు, అన్నం తిని వెళ్లమంది. తరవాత మామూలుగానే అంది.

"చెరువు ఎలాగూ దక్కలేదు కదమ్మా. నువ్వు చెప్పకపోతే చెయ్యయినా మిగిలేది."