మంచులో మా వదిన సైకిలు

పోయిన శుక్రవారం మిర్యాలగూడలో మా వదిన కన్నుమూసింది. నిండు వయసు, ఏడవకూడదన్నారు అందరూ. ఏడుపుకు వయసుతో పనేమిటి? కడుపారా ఏడ్చాను.

ఆమె మా అన్న భార్య, నా ఈడుదే. పాలు కాచమంటే పొంగించడమే వచ్చు గానీ, సైకిలు తొక్కడం మాత్రం అన్న దగ్గర కల్లంలో దొంగచాటుగా నేర్చుకుంది. పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో అన్న విషజ్వరంతో పోయాడు. సూర్యాపేటలో ముచ్చటపడి కొనుక్కున్న అతని సైకిలు కోదాడలో మా వసారాలో మిగిలింది. వదిన ఇంట్లో మిగిలింది. భర్త పోయిన మనిషి ఎదురైతే బయలుదేరిన పని చెడుతుందని ఆమెను పొద్దున్నే గడప దాటనిచ్చేవారు కాదు.

ఆ ఏడు చలికాలం మంచు దట్టంగా పట్టింది. బారెడు దూరంలో మనిషి కనిపించడు. వదినకు అదే సందు దొరికింది. ఇంట్లోవాళ్ళు లేవకముందే నన్ను వెనక ఎక్కించుకుని చిలుకూరు బాట పట్టేది. అమ్మకు తెలుసేమో, ముసుగు తీసేది కాదు. హ్యాండిలు ఇనుము వేళ్ళను కొరికేది. జొన్నచేల మంచు చీర కుచ్చిళ్ళను తడిపేది. నా పళ్ళు టకటకలాడుతుంటే వదిన నవ్వేది. “చలికి ముడుసుకుంటే వెంటపడ్తది పిల్లా, ఎదురుపోతే అదే ఊకుంటది” అనేది. అన్న పోయాక ఆమె నవ్వు నేను విన్నది ఆ బాట మీదే. ఆ నవ్వు కోసమే దుప్పటి వదిలి లేచేదాన్ని.

ఒకరోజు మంచులోంచి ఎడ్లబండి మా మీదికే వచ్చింది. ఎడ్లు బెదిరాయి, మేం చేలో పడ్డాం. బండి మీద కొత్త తలగుడ్డతో ఒక ముసలాయన. కొడుక్కి పిల్లను చూడటానికి మునగాల పోతున్నాడట. వదిన ముఖం పాలిపోయింది. కొంగు నుదుటి మీదికి లాక్కుని తనే ఆచారం చెప్పింది.

“నేను ఎదురొచ్చిన తాతా. ఇంటికి మర్లిపోయి, ఇన్ని నీళ్ళు తాగి మల్ల బయలెల్లు.”

ఆయన ఎడ్ల వీపు నిమురుతూ ఆమెను కాసేపు చూశాడు.

“నీళ్ళెందుకు బిడ్డా, ఊరికాడ్నుంచి మంచు తాగుకుంటనే వస్తున్న. నువ్వు గంటెందుకు కొట్టవు? మంచుల మనిషున్నదని ఎరుక గావాలె గద.”

బండి వెళ్ళిపోయింది. వదిన అక్కడే నిలబడి ఏడ్చింది. తర్వాత చీర దులుపుకుని సైకిలెక్కింది.

రోజూ ఊరి మొదట్లోనే దిగి, ఇళ్ళ వెనకగా నడిపించుకుని వచ్చేది. ఆ రోజు దిగలేదు. ఎండెక్కి మంచు విడిపోయింది. వాకిళ్ళు ఊడ్చేవాళ్ళు చీపుర్లు పట్టుకునే నిలబడి చూస్తున్నారు. చలికి పగిలిన పెదవులతో, తడిసిన కుచ్చిళ్ళతో, కోదాడ బజారు నడుమ మా వదిన గంట కొట్టుకుంటూ పోయింది.