కారణం: కోచ్ నోరు

కృపారావు మాస్టారికి ఒకటే అలవాటు. ఆట మొదలవకముందే ఓడిపోతారు.

ఎదుటి జట్టు బస్సు దిగుతుండగానే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. "అయిపోయిందమ్మా. ఆ కాళ్ళు చూడండి, మన నడుముల దాకా ఉన్నాయి" అంటారు. వచ్చినవాళ్ళు పొట్టివాళ్ళయితే, "ఇంకేముంది, బంతిని మన చంకల కిందనుంచే పట్టుకుపోతారు" అంటారు. వాన పడితే కోర్టు జారుతుంది. ఎండ కాస్తే కళ్ళు చెదురుతాయి. ఎండా వానా లేని రోజున, "ఇంత మంచి వాతావరణంలో ఓడిపోతే చెప్పుకోవడానికి సాకు కూడా ఉండదు" అని కూలబడతారు.

తెనాలిలో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పేది ఆయనే. బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరైనా, పొద్దున్నే ఐదున్నరకి ఈలతో కోర్టులో ఉంటారు. ఆయన ప్రార్థన కూడా వేరే రకం. "ప్రభువా, రేపల్లె వాళ్ళ చేతిలో ఓడిపోతామని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లల మోకాళ్ళు మాత్రం కాపాడు" అంటారట. మాణిక్యమ్మగారు, అంటే ఆయన భార్య, నాతో చెప్పి నెత్తి కొట్టుకున్నారు. ఆ రేపల్లె జట్టు మీద మేము ఇరవై పాయింట్ల తేడాతో గెలిచాం. "ఇరవయ్యా! ఇక వచ్చే ఏడాది పగబట్టి వస్తారు" అని ఆయన ఆ పూట టీ కూడా తాగలేదు.

నాకు ఆట రాదు. తెలుగు ఎమ్మే చదివే రోజుల్లో ఇంట్లో గోల భరించలేక కోర్టు పక్క మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన నీడ నా పేజీ మీద పడింది.

"ఏమ్మా, చేతిరాత బావుంటుందా?"

తల ఊపాను.

"అయితే మన ఓటములు నువ్వు రాయి. కనీసం అక్షరాలైనా గుండ్రంగా ఉంటాయి."

అలా స్కోరు పుస్తకం నా చేతికొచ్చి నాలుగేళ్ళయింది. అందులో ఆయన రెండు గళ్ళు సొంతంగా గీయించారు. ఒకటి 'చూపు'. రింగులో బంతి వేసిన పిల్లని కాదు, దారి చూసి ఆ బంతి అందించిన పిల్లని అక్కడ రాయాలి. రెండోది పేజీ అడుగున 'కారణం'. గెలిస్తే ఆ రోజు బాగా ఆడిన పిల్ల పేరు. ఓడితే, "కోచ్ నోరు అని రాయి బిందమ్మా" అనేవారు. రాసేదాన్ని. హాస్యానికి అంటున్నారనుకునేదాన్ని.

రాఘవమ్మగారు మాత్రం అది నిజమేనని నమ్మారు. మా జట్టులో ఆడే శ్రీజకి ఆవిడ నాయనమ్మ. దుగ్గిరాలలో పసుపు పండించే ఇల్లు. మనవరాలి ఆట ఒక్కటీ వదలరు. ఆటకి ముందు పొట్లం విప్పి మాస్టారి చేతిలో పటికబెల్లం పెట్టేవారు.

"నోరు తియ్యన చేసుకోండి మాస్టారూ. ఆ పాడు మాట అనకండి."

ఆయన బుగ్గన పెట్టుకుని చప్పరించి, "తియ్యగా ఓడిపోతామండి" అనేవారు.

ఓడితే ఆవిడ గొడుగు ఊపుకుంటూ కోర్టులోకి వచ్చేసేవారు. "పిల్లలేం చేస్తారు పాపం? ఆ నోట్లో శని ఉంది!" మాస్టారు చేతులు కట్టుకుని, "అవునండి, నా నోరేనండి" అనేవారు. ఓడిన జట్టు నవ్వుకుంటూ బస్సెక్కడం నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయిన వేసవిలో ఒక ప్రొఫెషనల్ లీగు జట్టువాళ్ళు, చిన్న వయసులోనే పిల్లల్ని ఏరుకుని శిక్షణ ఇస్తామన్నారు. ఎంపిక ఆట బాపట్లలో, ఆ ఊరి జట్టుతో. మా ఆశలన్నీ శ్రీజ మీదా హెప్సిబా మీదా ఉన్నాయి.

హెప్సిబాది భట్టిప్రోలు. వాళ్ళ నాన్న బాబూరావు పొలం పనికి వెళ్తాడు. పిల్లలో ఎముకా, కళ్ళూ తప్ప ఏమీ లేవు. ఐదడుగుల రెండంగుళాలు. కానీ బంతి ఎక్కడికి పోవాలో బంతికన్నా ముందు ఆ పిల్లకి తెలుస్తుంది. శ్రీజ కొబ్బరిచెట్టంత పొడుగు, మేకపిల్లలా ఎగురుతుంది, బుర్ర మాత్రం ఇంట్లో పెట్టి వస్తుంది. ఒకసారి మా రింగులోనే బంతి వేసి రెండు చేతులూ ఎత్తి గంతులేసింది.

ఆ పొద్దున బస్సులో హెప్సిబా మాస్టారి పక్కన కూర్చుంది.

"సార్, ఈ ఒక్కరోజు ఆ మాట అనకండి సార్. మా నాన్న పని మానుకుని చూడ్డానికి వస్తున్నాడు."

మాస్టారు కిటికీ వైపు తిరిగారు. బాపట్ల వచ్చేదాకా పెదవి విప్పలేదు. పొట్లం విప్పబోయిన రాఘవమ్మగారు ఆగి, నన్ను గోకారు. "ఏంటే, ఆయనకి ఒంట్లో బాలేదా?"

ఎంపికకి వచ్చినాయన సంజీవరావుగారు. చెడ్డవారు కాదు, పిల్లలందరికీ మజ్జిగ ఇప్పించారు. ఆయన చేతి కాగితంలో ప్రతి పేరు పక్కనా రెండు గళ్ళున్నాయి: 'బలం', 'తెలివి'. ఆట మొదలవకముందే నింపేస్తున్నారు.

"నీదే ఊరమ్మా? నాన్న ఏం చేస్తాడు?"

"భట్టిప్రోలండి. పొలం పనండి" అంది హెప్సిబా.

"ఆఁ, కష్టం చేసే ఎముక. మీకు బలం పుట్టుకతోనే వస్తుంది. రింగు కింద నిలబడి తోపులాడు, చాలు. నీదమ్మా?"

"దుగ్గిరాలండి. పసుపు పొలాలండి. మా పెదనాన్న డాక్టరండి" అంది శ్రీజ.

"చూశారా, మాటలోనే తెలివి! బంతి ఈమె చేతిలో ఉండాలి. ఆట ఈమె నడపాలి."

శ్రీజ హడలిపోయింది. "నేనాండి? నాకు కుడీ ఎడమే తెలీదండి!"

"వినయం కూడా ఉంది" అని ఆయన రాసుకున్నారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, తిరగేసి రాశారేమో."

"ముప్పై ఏళ్ళ అనుభవమండి. అమెరికా ఆటలు చూడట్లేదా? నల్లవాళ్ళు ఎగురుతారు, తెల్లవాళ్ళు ఆలోచిస్తారు. ఎవరి రక్తం వాళ్ళది."

"ఎప్పుడెగరాలో ఆలోచించకుండా ఎలా ఎగురుతారండి? అక్కడ కూడా ఎవరో కాగితం ముందే నింపి ఉంటారు."

సంజీవరావుగారు వినలేదు. ఐదడుగుల రెండంగుళాల పిల్ల రింగు కింద పనికిరాదని నెల తిరక్కుండానే ఇంటికి పంపేస్తారు. హెప్సిబాకి ఆ సంగతి తెలుసు. తల వంచుకుని బూట్ల తాళ్ళు విప్పి, మళ్ళీ కట్టుకుంది.

ఆయన చెప్పినట్టే సగం ఆట నడిచింది. శ్రీజ బంతి పట్టుకుని నాలుగు దిక్కులూ చూసి రిఫరీకి పాస్ ఇచ్చింది. హెప్సిబా ఆరడుగుల పిల్లల మధ్య అప్పడంలా నలిగింది. పద్దెనిమిది పాయింట్లు వెనకబడ్డాం. విరామంలో మాస్టారు నా వైపు తిరిగారు.

"బిందమ్మా, చదువు."

నేను నలుగురి ముందు నోరెత్తి ఎరగను. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని 'చూపు' గడి తీశాను. "జంపనితో ఆట... హెప్సిబా పదకొండు, శ్రీజ సున్నా."

"గట్టిగా చదవమ్మా" అన్నారు సంజీవరావుగారు.

"రేపల్లెతో, హెప్సిబా తొమ్మిది, శ్రీజ సున్నా. బాపట్లతో, హెప్సిబా పన్నెండు... శ్రీజ ఒకటి."

"అది లెక్కలోది కాదండి, బంతి నా భుజానికి తగిలి దానంతటదే వెళ్ళింది" అంది శ్రీజ.

సంజీవరావుగారు తన కాగితం నా పుస్తకం పక్కన పెట్టి చూసుకున్నారు. "సరే, మార్చి ఆడించండి" అన్నారు.

తర్వాత హెప్సిబా బంతి ఎటు విసిరితే శ్రీజ అటు ఎగిరింది. ఆఖరి క్షణానికి ఒక్క పాయింటే తేడా. హెప్సిబాకి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. మొదటిది రింగు అంచుకి కొట్టుకుని ఎగిరిపోయింది. రెండోది రింగంతా తిరిగి, లోపలికి తొంగి చూసి, బయటికి వచ్చేసింది. ఓడిపోయాం.

హెప్సిబా అక్కడే నిలబడిపోయింది. జనంలో బాబూరావు తల దించుకున్నాడు. అతని వెనకనుంచి ఎవరో, "ఆ పేట పిల్లల చేతికి ఇలాంటివి ఇస్తే..." అని మొదలుపెట్టారు.

ఆ మాట పూర్తి కాలేదు. అరవై రెండేళ్ళ మాస్టారు కోర్టు మధ్యకి పరిగెత్తారు.

"నేను చెప్పలేదా! ఓడిపోతామని పొద్దున్నే చెప్పలేదా! నా పాడు నోరేనండి!"

రాఘవమ్మగారు తెల్లబోయారు. "మీరివాళ ఏమీ అనలేదుగా?"

మాస్టారు తడబడ్డారు. "మనసులో అనుకున్నానండి. చాలా గట్టిగా అనుకున్నాను."

ఆవిడ జనం వైపు చూశారు. హెప్సిబా వైపు చూశారు. తర్వాత గొడుగు అందుకున్నారు.

"మనసులో అనుకుంటే మాత్రం ఊరుకుంటానా? మీ మనసులో కూడా శనే! పిల్లలేం చేస్తారు పాపం?"

గొడుగు వెంటపడింది, మాస్టారు రింగు చుట్టూ పరుగెత్తారు. జనమంతా నవ్వారు. ఆ సగం మాట ఎటు పోయిందో పోయింది. హెప్సిబా జెర్సీతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. బాబూరావు తల ఎత్తాడు.

తిరుగు బస్సులో పుస్తకం వెనక్కి తిప్పాను. ఆ రోజుది కాక, నాలుగేళ్ళలో నలభై మూడు ఓటములు. నలభై మూడు సార్లూ నా గుండ్రటి అక్షరాలే: కోచ్ నోరు. ఎక్కడా ఒక్క పిల్ల పేరు లేదు. ఎమ్మే చదివానన్న మాటే గానీ, నేను రాసింది నాకే చదవడం రాలేదు.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. ఇద్దరూ ఎంపికయ్యారు. హెప్సిబా పేరు పక్కన 'ఆట నడిపే స్థానం, ఆరు నెలలు చూస్తాం' అని ఉంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఆరు నెలలే! అయిపోయిందమ్మా. ఆ హాస్టల్ తిండికి జబ్బు చేస్తుంది. శ్రీజ దారి తప్పిపోతుంది."

"హెప్సిబా ఉందిగా సార్."

"అవును, అదుంటే భయం లే..." అని నాలిక కరుచుకున్నారు. "నేనేం అనలేదు. రాయకు."

బాపట్ల పేజీలో 'కారణం' గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆయన ఎదురుగానే రాశాను: "కోచ్ నోరు. ఆ రోజు మూసే ఉంది."

పుస్తకం దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివారు.

"అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. ఏం లాభం? ఎవరూ చదవరు" అంటూ జేబులోంచి పటికబెల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకున్నారు.