గ్యాసు బండికి వెలగని హారతి

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. దేవుణ్ణి పట్టుకున్నవాడికి దయ్యంతో పనేమిట్రా అనేవారు మా నాన్న. గుంటూరు జిల్లాలో మా ఊరి భజన మందిరంలో ఆయన పక్కన కూర్చుని గీత మొత్తం నోటికి నేర్చుకున్నాను. ఎవరైనా దయ్యం కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఈ సంగతి రాస్తున్నానంటే, ఇది దయ్యం కథ కాదన్న ధైర్యంతోనే. మరి ఏ కథో చెప్పమంటే మాత్రం చెప్పలేను.

అప్పుడు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సంగారెడ్డిలో పోతిరెడ్డిపల్లి వైపు కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. శనివారం సాయంత్రాలు మా వరండాలో భజన జరిగేది. కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలతో మొదలైన ఆ భజనకు ఢోలక్ వాయించడానికి వచ్చి, మాలో ఒకడైపోయాడు మల్లేశం. స్థానికుడు. ఎద్దులు అమ్మి పాత అంబాసిడర్ కారు కొని, సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య టాక్సీ తిప్పేవాడు. షిఫ్టుకు వెళ్ళేవాళ్ళం అందులోనే కిక్కిరిసి వెళ్ళేవాళ్ళం. ఊపిరాడటం లేదని ఎవరైనా అంటే, "ఊపిరి పటాన్‌చెరుల తీసుకోరాదుండ్రి, జెర జరుగుండ్రి" అనేవాడు.

డెబ్బై మూడు చివర్లో పెట్రోలు ధర ఒక్కసారిగా ఎగిరింది. మరుసటి ఏడు దసరా వచ్చేసరికి మల్లేశం ఢోలక్‌లో జోరు తగ్గింది.

"పండుగ ఎల్లినంక జహీరాబాద్ సేటు కొననీకి వస్తడట సారూ. బండి ఇచ్చేస్త. మళ్ల ఎవరి పొలమో దున్నాలె. ఇగ ఎద్దులు గూడ లేవాయె" అన్నాడు ఒక శనివారం. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రోజు ప్రతి కీర్తనకూ తాళం తప్పాడు.

మా ఫ్యాక్టరీలో ఇనుపరేకులు కోయడానికి ప్రొపేన్ గ్యాసు వాడేవాళ్ళం. ఆ గొట్టాలు బిగించడం, లీకులు చూడడం నా పని. పెట్రోలు ఇంజను ప్రొపేన్‌తో కూడా నడుస్తుందని, పై దేశాల్లో అలా నడుపుతారని మా ఫోర్‌మన్ ఒకసారి చెప్పాడు. ఫ్యాక్టరీలకు సిలిండర్లు వేసే డీలరు పటాన్‌చెరులోనే ఉన్నాడు. పెట్రోలు కంటే గ్యాసు చవక పడుతుందని లెక్క తేలింది. బొంబాయి రోడ్డు పక్కన షెడ్డు ఉన్న మెకానిక్ యూసుఫ్ భాయ్‌ని, మల్లేశం కారును గ్యాసుకు మార్చగలవా అని అడిగితే, "కరేంగే సాబ్. నడిస్తే మీ దేవుని పేరు, నడవకుంటే నా పేరు" అన్నాడు.

డిక్కీలో సిలిండరు నిలబెట్టి బెల్టులతో కట్టాం. అక్కడి నుంచి బండి అడుగున ఇంజను దాకా రాగి గొట్టం వేశాం. గ్యాసు బయటికి వచ్చేటప్పుడు చల్లబడి గడ్డకడుతుంది కనుక, రేడియేటరు వేడినీళ్ళు గొట్టం చుట్టూ తిరిగేలా ఒక డబ్బా అతికాం. కార్బురేటరు నోటికి యూసుఫ్ భాయ్ ఇత్తడి రింగు చేసి తొడిగాడు. ఆ గొట్టాల వంకరలు చూసి మల్లేశం, "ఏంది సారూ, బండి చేస్తుండ్రా, సారా బట్టీ పెడుతుండ్రా?" అన్నాడు. అతను మళ్ళీ జోకులు వేయడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

దసరా ముందు రోజు అతుకులన్నిటికీ సబ్బు నురుగు పూసి చూశాం. ఒక్క బుడగ రాలేదు. ఇంజను మాత్రం స్టార్ట్ చేయలేదు. మల్లేశం తల్లి పోచవ్వ ఒట్టు పెట్టింది. కొత్త గ్యాసుకు పూజ కాకుండా నిప్పు తగలొద్దని ఆవిడ మాట.

దసరా పొద్దున భజన వాళ్ళందరం షెడ్డుకు చేరాం. షెడ్డు మధ్యలో, మెకానిక్ దిగి నిలబడి బండి అడుగున పనిచేసుకునే గుంట ఉంది. బండి ఇంకా దాని మీదే ఉంది. బానెట్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు పెట్టాం. టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టాం. హారతి కాగానే స్టార్ట్ చేయాలి కనుక నేను డిక్కీలో సిలిండరు వాల్వు తెరిచి ముందుకు వచ్చాను. పూజ చేయాల్సింది నేనే. మంత్రాలు వచ్చినవాణ్ణని అందరూ నన్ను పంతులు సారు అనేవాళ్ళు.

క్రమం అందరికీ తెలిసిందే. ముందు దీపం. తర్వాత హారతి. చివర్న గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, బండి చుట్టూ తిప్పి దిష్టి తీసి, మంటతో సహా నేలకేసి కొట్టడం.

దీపం వెలిగిద్దామని పుల్ల గీశాను. భగ్గుమని, వత్తి దగ్గరికి పోకముందే ఆరిపోయింది. ఇంకోటి గీశాను. అదీ అంతే. గాలి లేదు. బానెట్ మీద బంతి రేక కూడా కదలడం లేదు. ఇంకా కొన్ని గీశాను.

"పంతులుకు మంత్రాలొస్తయి గని పుల్ల గీకుడు రాదు" అన్నాడు మల్లేశం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రోడ్డు మీద బీడీ ముట్టించుకుంటున్న యూసుఫ్ భాయ్ దాన్ని అక్కడే పారేసి వచ్చి తన అగ్గిపెట్టె ఇచ్చాడు. అతని బీడీ చక్కగా వెలగడం నా కళ్ళతో చూశాను. అదే పెట్టెలోని పుల్ల నా చేతిలో ఎవరో ఊదినట్టు ఆరింది.

పోచవ్వ దీపం కుంది తీసుకుని రోడ్డు అవతల చాయ్ హోటల్‌కు వెళ్ళింది. పొయ్యిలో వెలిగించి, కొంగు అడ్డం పెట్టుకుని బయల్దేరింది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అంత గాలిలోనూ దీపం ఆరలేదు. షెడ్డు గడపలో కాలు పెట్టగానే ఆరింది. ఆవిడ మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ గడప దగ్గరే ఆరింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మల్లేశం ముఖం నల్లబడింది.

"వద్దంటున్నట్టుంది సారూ. సేటుకే ఇచ్చేస్త" అన్నాడు మెల్లగా.

అతని భుజం మీద చెయ్యి వేశాను. అన్ని శ్లోకాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

పోచవ్వ మాత్రం కొడుకును కసిరింది. "థూ, గదేం మాటరా! దీపం బండి కాడికి రాకుంటే బండే దీపం కాడికి పోతది. నూకుండ్రి బయటికి!"

మల్లేశం తాళంచెవి తీశాడు. "స్టార్ట్ జేస్తివంటే కాళ్ళిరగ్గొడుత. పూజ కాలే" అంది ఆవిడ. అందుకని అందరం గోవిందా అంటూ బండిని తోశాం. చక్రం కింద నిమ్మకాయ నలగకుండా జారి, గుంటలో పడింది. పూజ నిమ్మకాయ గుంటలో ఉండొద్దని పోచవ్వ అంటే, యూసుఫ్ భాయ్ మెట్లు దిగి వంగాడు. వంగినవాడు అంతే వేగంగా దగ్గుకుంటూ పైకి వచ్చాడు.

"సాబ్! కింద పూరా గ్యాసే! కుళ్ళిన గుడ్ల వాసన! భాగో!"

అందరినీ రోడ్డు మీదికి తరిమాం. నేను పరుగున బండి దగ్గరికి వెళ్ళి డిక్కీ ఎత్తి వాల్వు కట్టేశాను. అప్పుడు చూశాను. సిలిండరు మెడ దగ్గర, గొట్టం నట్టు మీద, నిమ్మకాయా ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ గట్టిగా బిగించి కట్టి ఉంది. ఆ బిగింపుకు నట్టు వదులైంది. నేను వాల్వు తిప్పి ముందుకు రాగానే పోచవ్వ కట్టిందట.

"బండికి పాత దిష్టి ఎట్లనన్న పోతది. కొత్త సామానుకే గద ఎక్కువ దిష్టి" అంది. వాసన రాలేదా అవ్వా అంటే, "కొత్తది గట్లనే వాసనొస్తదేమో అనుకున్న, మూత ఏసేసిన" అంది.

ప్రొపేన్ గాలి కంటే బరువు. తుప్పుపట్టిన డిక్కీ అడుగు చిల్లుల్లోంచి జారి గుంటలో నిండింది. పైన బంతిపూల వాసన తప్ప మాకు ఏమీ తెలియలేదు. దీపం వెలిగి ఉంటే హారతి అయ్యేది. హారతి అయి ఉంటే మండుతున్న కర్పూరంతో గుమ్మడికాయ నేలకేసి, సరిగ్గా ఆ గుంట అంచున, కొట్టేవాణ్ణి నేనే. చుట్టూ ఉన్నది మా భజన మొత్తం, పిల్లాజెల్లాతో.

నట్టు బిగించి, సబ్బు నురుగు పూసి చూసుకున్నాం. షెడ్డు తలుపులు తీసిపెట్టి గాలి ఆడనిచ్చాం. బండిని రోడ్డు అవతల ఖాళీ జాగాలోకి, చాయ్ పొయ్యికి దూరంగా తోశాం. మధ్యాహ్నం దాటాక, లారీల గాలిలో, యూసుఫ్ భాయ్ అదే అగ్గిపెట్టె నా చేతికిచ్చాడు. మొదటి పుల్లకే దీపం వెలిగింది. కర్పూరం నిండుగా మండింది. బండి రెండుసార్లు దగ్గి, అందుకుంది. మల్లేశం బానెట్ మీదే ఢోలక్ వాయించాడు. చొట్టలు కూడా పడ్డాయి.

బండి అమ్మలేదు. జహీరాబాద్ సేటు వస్తే అతన్నే ఎక్కించుకుని రుద్రారం దాకా తిప్పి తెచ్చి, దింపేటప్పుడు కిరాయి అడిగాడు మల్లేశం. ఆ తర్వాత చాలా ఏళ్ళు మమ్మల్ని షిఫ్టుకు తీసుకెళ్ళింది ఆ బండే.

ఆ దీపం ఎందుకు ఆరిందో తెలిసినవాళ్ళను చాలామందిని అడిగాను. పుల్లలు చెమ్మ అనుకుందామంటే అవే పుల్లలు బయట వెలిగాయి. గ్యాసు పైదాకా వచ్చిందేమో అంటే, మా ఫోర్‌మన్ పకపకా నవ్వాడు. గ్యాసు తగిలితే మంట ఆరదు, నువ్వు నాకు ఈ ప్రశ్న వేయడానికి ఉండేవాడివి కాదు అన్నాడు. పోచవ్వ తన నిమ్మకాయే కాపాడిందని చివరిదాకా చెప్పుకుంది. గొట్టం వదులు చేసిందీ అదే కదా అవ్వా అంటే, "చేస్తే చేసింది, కాపాడింది గూడ అదే గద!" అనేది.

నేను ఆ అగ్గిపెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. అందులో మిగిలిన పుల్లలతో మా పూజగదిలో రోజూ దీపం పెట్టాను. ఒక్క పుల్ల కూడా వృథా కాలేదు.

ఆ రోజు షెడ్డులో నా చేతిలో పుల్లలు ఊదింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైతేనేం, పొద్దున్నే దీపం వెలిగించేటప్పుడు కాస్త పక్కకు జరిగి, వాళ్ళకూ చోటిస్తాను.