మావగారి ప్యానెల్, నా ప్యానెల్

ఆ రోజుల్లో, అంటే రెండువేలు దాటిన కొత్తల్లో, మా ఉద్దానంలో ఆడపిల్ల ఇంజనీరంటే కంప్యూటరు ముందు కూర్చునేదనే లెక్క. నేనేమో హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో విమానాలకు రేకులు డిజైన్ చేసేదాన్ని. ధ్వనికన్నా ఎన్నో రెట్లు వేగంగా పోయే విమానానికి గాలి రాపిడికే ఒళ్ళు ఎర్రగా కాలిపోతుంది. అందుకని రెండు పల్చటి రేకుల మధ్య సన్నటి కాలవలు పెట్టి, ఇంజన్లో మండబోయే ఇంధనాన్నే ముందు వాటిలో పారించి చల్లబరచాలి. విమానం బరువూ ఆ రేకులే మోయాలి. దాన్ని ప్యానెల్ అంటాం. (మా అమ్మ ఇదంతా శ్రద్ధగా విని, విమానాన్ని వదిలేసి, "మా పిల్ల ప్యానెల్ తయారు సేత్తాది" అని ఊరంతా చెప్పుకుంది.)

అప్పుడే కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి ఒకాయన కొడుకు సంబంధం వచ్చింది. అబ్బాయి నచ్చాడు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానాలన్న కబురే నచ్చలేదు. వారం తిరిగితే నా మొదటి ప్యానెల్‌కి పరీక్ష. నాకు అబ్బాయీ కావాలి, ప్యానెలూ కావాలి. అబ్బాయి తండ్రి చూస్తే వ్యాపారుల సంఘం ఎన్నికల్లో తను నిలబెట్టిన అభ్యర్థుల ప్యానెల్ మొత్తంతో సహా ఓడిపోయి, ఆ మంట చల్లారకుండానే పెళ్ళిచూపులకి వచ్చారు.

"ప్యానెల్ తయారు సేత్తన్నావటమ్మా?" అన్నారు కాఫీ అందుకుంటూ.

"అవునండీ. ఎంత వేడికైనా నిలబడాలండీ."

"నిలబడాల! మాది మొన్న మొత్తం పడిపోనాది తల్లీ."

"లీకయిందాండీ?"

"లీకే మరి! లోపలి మాట తెల్లారీసరికి అవతలోళ్ళకి సేరిపోనాది."

(కొంచెం తేడాగానే అనిపించింది. కానీ అంతవరకూ నా రేకుల గురించి అడిగిన నాథుడే లేడు, ఆగలేకపోయాను.)

"అతుకులు గట్టిగా ఉంటే లోపల ఎంత పారించినా ఫర్వాలేదండీ."

"పారించినామమ్మా, రాత్రీ పగలూ పారించినాం! తాగినోళ్ళంతా అవతలోళ్ళకే ఓటేసినారు."

పెళ్ళికొడుకు పకోడీ పొలమారి దగ్గుతుంటే నాకు విషయం వెలిగింది. ఇక సిగ్గుపడి లాభం లేదనుకుని, స్వీట్ల పళ్ళెం ఖాళీ చేసి, దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించి, కాలవలు ఎక్కడుంటాయో చూపిస్తూ పాఠం మొదలుపెట్టాను. మా అమ్మ తల పట్టుకుంది.

"మండే నూనెతోనే సల్లార్సడమా!" అని ఆయన పళ్ళేలను అటూ ఇటూ తిప్పి చూశారు. "మరి నువ్వు మానీస్తే దీన్నెవులు సూత్తారు?"

"ఎవరో ఒకరు చూస్తారండీ. కానీ ఇది నాదండీ," అన్నాను.

ఆయన భార్య వైపు తిరిగారు. "మానిపించడమేటి? మనింట్లోంచి ఒక్క ప్యానెలైనా నెగ్గొద్దేటి?"

నెగ్గింది. ఎర్రగా కాల్చినా చుక్క కారలేదు. ఫోన్‌లో చెప్పగానే మావగారు కాశీబుగ్గ బజారంతా జీడిపప్పు పంచారు, తనను ఓడించినవాళ్ళతో మొదలుపెట్టి. (నేను ఏ వార్డులో గెలిచానని అడిగినవాళ్ళూ ఉన్నారట.) ఆ రోజు పొంగిపోయినంతగా నేను మళ్ళీ ఎప్పుడూ పొంగిపోలేదు.

ఇప్పుడు పెద్ద మీటింగులో నోరు విప్పాలంటే ముందు గ్లాసుడు నీళ్ళు తాగుతాను. పట్టుచీర కట్టుకుని, కాబోయే మావగారికే పాఠం చెప్పిన ఆ పిల్లకి అంత ధైర్యం ఎక్కడిదో! ఎదురుపడితే నా కుర్చీ దానికే ఇచ్చేద్దును.