కోసిన మూల వెంట కనిగిరి దాకా

ఇల్లు అమ్మదలచినవాళ్లు ఇంటి దగ్గరే ఉండి కొనేవాళ్ల కోసం ఎదురుచూస్తారు. నేను మాత్రం మా గుంటూరు ఇల్లు అమ్మడానికి కనిగిరి వెళ్లాల్సి వచ్చింది. కారణం మా తోడల్లుడు శ్రీనివాసరావు.

మిర్చి వ్యాపారం చేసే ఒకాయన మా ఇల్లు రెండుసార్లు చూశాడు. వంటగదిలో కుళాయి తిప్పలేదు, గోడ తట్టి చూడలేదు. రెండుసార్లూ వీధిలో నిలబడి మేడమీది బాల్కనీ ఎడమ మూలనే చూశాడు. ఆ మూల చదరంగా ఉండదు, కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది, అంచున ఒక తెల్లగీత.

"ఎలివేషన్ అదిరింది మాస్టారూ. కానీ ఇదే డిజైన్ కనిగిరిలో ఒక ఇంటికుంది, వీడియోలో చూశా. హైదరాబాద్ ఇంజనీరు గీశాడంట. డూప్లికేట్ ఇల్లు కొన్నానంటే మిర్చి యార్డులో నవ్వుతారు. ఏది ముందో ఆదివారంలోగా తేల్చండి" అన్నాడు.

హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ని. పదకొండేళ్ల కిందట ఆ బొమ్మ గీసింది నేను. శ్రీనివాసరావు మా గృహప్రవేశానికి వచ్చి, భోజనానికి పిలుస్తున్నా రాకుండా ఫొటోలు తీసుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే కనిగిరిలో అదే కట్టాడు. వాళ్ల గృహప్రవేశంలో నేను విస్తరి ముందు కూర్చుని ఉండగానే, హైదరాబాద్ ఇంజనీరు గీశాడని నలుగురికీ చెప్పాడు. అప్పుడు నా విస్తట్లో పులిహోర, రెండు గారెలు ఉన్నాయి. ముట్టకుండా లేచాను. ఎందుకు లేచానని ఎవరూ అడగలేదు. అప్పటినుంచీ మాకు మాటల్లేవు, ఫోన్‌లో అడిగి తేల్చుకునే దారీ లేదు.

ఆదివారం ఉదయం ఐదు నలభైకి గుంటూరులో అద్దంకి బస్సెక్కాను. టికెట్టు నూట నలభై. కనిగిరికి నేరుగా వెళ్లే బస్సు ఐదున్నరకి ఉందని ముందురోజు ఫోన్‌లో చెప్పారు; వచ్చి చూస్తే అది ఐదింటికే పోయిందట. చిలకలూరిపేట దాటాక కల్లాల్లో పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు కొట్టి సగం బస్సు తుమ్మింది.

ఎనిమిదింటికి అద్దంకి. ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీలో నీళ్లు తప్ప ఏమీ లేవు. దర్శి బస్సుకి అరగంట ఉండటంతో బస్టాండు వెనక వీధులు తిరిగాను. ఇళ్లు కట్టబోయేవాళ్లు ఈ మధ్య ఊరూరూ తిరిగి ఇళ్ల ముఖాలు ఫొటోలు తీసుకుంటున్నారు కాబట్టి నన్నెవరూ వింతగా చూడలేదు. ఒక ఇంటికి కేరళ మోడల్ అని కాంక్రీటు వాలుకప్పు వేసి దానిమీద ఎర్రపెంకులు అంటించారు. వాన కోసం మొహం వాచిన ఊళ్లో వాన జారిపోవడానికి అంత ఏర్పాటు. దాని పక్కింటికి నాలుగు రోమన్ స్తంభాలు. వాటిమీద బరువేమీ లేదు. మూడో ఇంటికి ముందంతా నల్లద్దాలే. లోపల పట్టపగలు లైటు వెలుగుతోంది.

కేరళ ఇంటి ముందు ముగ్గు వేస్తున్న ఆవిడని, వేసవిలో చల్లగా ఉంటుందా అని అడిగాను.

"ఏం చల్లగా అండీ, పైగదిలో ఉడికిపోతాం. కానీ వచ్చినవాళ్లు ఆగి చూస్తారు. దానికేగా కట్టుకునేది" అంది.

ఆ వీధి చివర మా ఇల్లే కనిపించింది. అదే కోసిన మూల, అంచున అదే తెల్లగీత.

దర్శి బస్సులో నా పక్కన మస్తాన్‌వలి అనే పెయింటరు కూర్చున్నాడు. కాళ్ల దగ్గర పుట్టీ బకెట్టు. ఆ మూల సంగతి అడిగాను.

"గుంటూరు కట్ అంటామండి దాన్ని. మేస్త్రీలందరికీ తెలుసు. దర్శిలో మూడిళ్లకి నేనే పుట్టీ పెట్టా. ఆ అంచు సూటిగా నిలబెట్టేసరికి ప్రాణం పోద్ది."

"ఎందుకలా కోస్తారు?"

"స్టైలండి. ఇప్పుడు జనం ఇల్లు కొనరు సార్, ముఖం కొంటారు. మెట్లకి రెయిలింగ్ లేకపోయినా అడగరు గానీ, బయట ఈ కట్ ఉందా, లైట్లున్నాయా అని అడుగుతారు."

అది స్టైలు కాదని నాకొక్కడికే తెలుసు. మా మేడ కడుతున్నప్పుడు ఆ మూల మీదుగా కరెంటు తీగ పోయేది. స్తంభాన్ని రెండడుగులు పక్కింటి గోడవైపు జరిపితే చాలు, కానీ పక్కింటాయన సంతకం పెట్టాలని కరెంటు ఆఫీసువాళ్లు అన్నారు. మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆయన గేటు కూడా తీయలేదు. చువ్వల సందులోంచే "మీ మేడకోసం మా గోడ పక్కన స్తంభమా? మీ మూలే కోసుకోండి" అన్నాడు. కోసుకున్నాను. అప్పటినుంచీ పొద్దున లేస్తే ఆ మూల, దాని కింద ఆయన ముఖం. ఇల్లు అమ్ముతున్నది అందుకే.

దర్శిలో బస్సు మారి పన్నెండుంపావుకి కనిగిరి చేరాను. కొండ మీది కోట ఎండకి తెల్లబారి ఉంది. శ్రీనివాసరావు ఇంటిదాకా ఆటోకి యాభై.

తలుపు తీసింది మా మరదలు పద్మ. "రండి బావగారూ. తొమ్మిదేళ్లకి దారి తెలిసిందా?"

"దారి తెలుసమ్మా. పిలిచినవాళ్లే లేరు."

"పిలిస్తే పాతవన్నీ తవ్వుతారని భయం" అని నవ్వి కంచం పెట్టింది. ఒక మాట తేలాకే చెయ్యి కడుగుతానని చెప్పి, వ్యాపారి పెట్టిన మెలిక శ్రీనివాసరావుకి చెప్పాను.

శ్రీనివాసరావు క్షణం కూడా తడబడలేదు. "డిజైన్ మీదే అన్నయ్యా. మా గృహప్రవేశం రోజు ఆఫీసు వాళ్లంతా వచ్చారు. తోడల్లుడి ఇల్లు చూసి కట్టానంటే ఏం బాగుంటుంది? మాది ఉత్తరం ముఖం. ఎడమవైపు కోస్తే ఈశాన్యం పోద్దని సిద్ధాంతిగారు అంటే, ఆయన్ని బతిమాలి కుడివైపు కోయించా."

వాళ్ల ఇంటి మీదుగా తీగ లేదు. అవసరం లేని కోతకి సిద్ధాంతిని బతిమాలాడు.

వ్యాపారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "అసలుది మా అన్నయ్యదేనండి. మాది అది చూసి కట్టిందే" అని శ్రీనివాసరావు గట్టిగా చెప్పాడు. తొమ్మిదేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది.

"అయితే మాట్లాడుకుందాం మాస్టారూ" అన్నాడు వ్యాపారి. "ఇంతకీ ఆ కట్ ఐడియా ఎలా వచ్చింది? యార్డులో అడిగితే చెప్పాలిగా."

శ్రీనివాసరావు రెండు చేతులూ రెక్కల్లా చాపి చూపించాడు. పక్షి రెక్క అంటే చాలు, ఇల్లు అమ్ముడుపోయేది. నాకూ తెలుసు. కానీ ఒకడి కుళ్లుబుద్ధికి పక్షి రెక్క అని నా నోటితో పేరు పెట్టలేకపోయాను. తీగ సంగతి, గేటు సంగతి, పక్కింటాయనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

అవతల వ్యాపారి మళ్లీ అడిగాడు. "అంటే డిజైన్ కాదా? తీగ అడ్డమొచ్చి కోశారా?"

"అవును."

"ఆలోచించి చెప్తానండి." ఆ మాటకి అర్థం ఇల్లు అమ్మేవాళ్లందరికీ తెలుసు.

"ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది బావగారూ?" అంది పద్మ, అన్నం వడ్డిస్తూ. "ఆ మనిషి పక్కనుంచి బయటపడేవాళ్లు. ఇప్పుడు ఆయన పక్కనే ఉండండి." గోంగూర బాగుంది. ఇంకోసారి వేయించుకున్నాను.

రెండున్నరకి గుంటూరు బస్సు దొరికింది. మన ఊళ్లలో ఇల్లు కొనబోయేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. ముఖం నచ్చితే, అది అలా ఎందుకుందో అడగండి. కట్టినవాడికి తెలియకపోతే అది ఎవడో వదిలించుకోలేని బాధ అయ్యుండొచ్చు.

పొదిలిలో ఒక జంట ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. ఇల్లు మొదలుపెట్టారట, పునాది అయిందట. మాటల్లో నేను డ్రాయింగ్ మాస్టారునని తెలిసి, అతను మా ఇంటి ఫొటో అడిగాడు. చూపించాను. ఆ మూల కోయవద్దనీ, అది కరెంటు తీగ వల్ల వచ్చిందనీ విడమరిచి చెప్పాను.

అతను మర్యాదగా చివరిదాకా విన్నాడు. తర్వాత రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి భార్యకి చూపించాడు. "చూశావా, నేను చెప్పింది ఇదే" అన్నాడు. "మాస్టారూ, ఈ కోత ఎన్నడుగులు?"